తనఖా ఇంట్లో అద్దె గది: అమీర్‌పేట, పంజాగుట్టల తాత్కాలిక నివాస చరిత్ర

హైదరాబాదు నడిబొడ్డున ఒకదానినొకటి ఆనుకొని ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం రెండు మూడు నెలలు ఉండిపోయే విద్యార్థి, ఉద్యోగం దొరికేవరకు నెలనెలా గది పొడిగించుకుంటూ వచ్చే నిరుద్యోగి, నిమ్స్ ఆసుపత్రిలో చేరిన రోగికి తోడుగా వచ్చి వారం పది రోజులు లాడ్జిలో గడిపే బంధువు, సర్వీస్ అపార్ట్‌మెంటులో దిగే ప్రయాణికుడు ఒకే తరహా ఒప్పందం మీద తల దాచుకుంటారు. ఆ ఒప్పందానికి గడువు చిన్నది, కాగితం పలచనిది. వారు నిద్రించే భవనం మీద తరచుగా ఉండే బ్యాంకు అప్పుకు మాత్రం గడువు పెద్దది, కాగితం గట్టిది. యజమాని వాయిదాలు కట్టలేక ఆ అప్పు మొండిబకాయిగా మారి, బ్యాంకు భవనాన్ని స్వాధీనం చేసుకొని వేలం వేసే దశకు వచ్చినప్పుడు, అప్పుతో ఏ సంబంధమూ లేని ఈ తాత్కాలిక నివాసి హక్కు ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్నకు సమాధానం 1882 నుంచి ఇప్పటివరకు పొరలు పొరలుగా పేరుకున్న చట్టాల్లో ఉంది. ఆ పొరలను ఒకదాని తరువాత ఒకటి విప్పి చూస్తే, కిరాయిదారును కాపాడడానికి వచ్చిన ప్రతి చట్టమూ ఏదో ఒక కారణం చేత అమీర్‌పేట హాస్టల్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినట్లు కనిపిస్తుంది.

పూర్వం ఊరికి కొత్తగా వచ్చినవాడికి సత్రమో, సరాయో దిక్కు. నాంపల్లి రైల్వే స్టేషను దగ్గర నిజాం కాలంలో కట్టిన సరాయి అటువంటిదే. సత్రాలు, సరాయిలు సాధారణంగా ధర్మకర్తల చేతిలోనో, వక్ఫు కిందనో, ప్రభుత్వం ఆధీనంలోనో ఉండేవి; ధర్మానికి రాసి ఇచ్చిన ఆస్తిని సొంత ఆస్తిలా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునే వీలు ఉండేది కాదు గనుక, అక్కడ బస చేసినవాడికి అప్పులవాడి ముఖం చూడవలసిన అవసరం రాలేదు. సత్రంలో ఉండే సౌకర్యం గురించి గొప్పగా చెప్పుకోవలసింది పెద్దగా లేకపోయినా, ఈ ఒక్క భద్రత దానికి ఉండేది. బస ఏర్పాటు ధర్మం నుంచి వ్యాపారంలోకి మారినప్పుడు గదులు పెరిగాయి, పడకలు మెరుగయ్యాయి, భవనం మాత్రం బ్యాంకు పెట్టెలోని దస్తావేజుగా మారింది.

కిరాయిదారు రక్షణ అనే ఆలోచన హైదరాబాదులో రెండో ప్రపంచ యుద్ధకాలపు ఇళ్ల కరువుతో పుట్టింది. ఫస్లీ 1353లో, అంటే 1943-44 ప్రాంతంలో, నిజాం ప్రభుత్వం ఇళ్ల కిరాయి నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం 1954లో దాని స్థానంలో కిరాయి, ఖాళీ చేయించడం, లీజుల నియంత్రణ చట్టాన్ని చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రెండు ప్రాంతాలకూ కలిపి భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయించడం) నియంత్రణ చట్టం వచ్చింది. ఈ చట్టం కింద యజమాని తన ఇష్టం వచ్చినప్పుడు కిరాయిదారును ఖాళీ చేయించలేడు. చట్టంలో చెప్పిన కారణాల్లో ఒకటి ఉందని రెంట్ కంట్రోలర్ ఎదుట రుజువు చేయాలి. అయితే ఆ చట్టంలో రెండు మినహాయింపులు ఉన్నాయి, రెండూ ఈ ప్రాంతపు చరిత్రను నేరుగా తాకాయి. మొదటిది 'భవనం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం: హోటల్లోని గది గానీ, బోర్డింగ్ హౌస్‌లోని గది గానీ ఈ చట్టం దృష్టిలో భవనమే కాదు. అంటే భోజనంతో కలిపి గది ఇచ్చే చోట ఉన్నవాడికి కిరాయి నియంత్రణ మొదటి రోజునుంచే లేదు. రెండోది కొత్త కట్టడాల మినహాయింపు: 1957 ఆగస్టు 26న గానీ, ఆ తరువాత గానీ కట్టిన భవనాలకు చట్టం వర్తించదని అందులో రాశారు. పాత నగరంలోని ఇళ్లకు ఇది పెద్ద లెక్కలోకి రాకపోయినా, సనత్‌నగర్ కార్ఖానాల నీడలో, నీలం సంజీవరెడ్డి పేరు పెట్టుకున్న ఎస్.ఆర్. నగర్ కాలనీతో పాటు ఎదిగిన అమీర్‌పేట పరిసరాల్లో కట్టడాలు అధికభాగం ఆ తేదీకి తరువాతివే.

ఆ తేదీ మినహాయింపును సుప్రీంకోర్టు 1983 అక్టోబరులో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో కొట్టివేసింది. 1957లో కొత్తగా ఉన్న ఇల్లు పాతికేళ్ల తరువాత కూడా కొత్తదే ఎలా అవుతుందన్నది ఆ తీర్పు సారాంశం. కిరాయిదారులకు దక్కిన ఈ విజయం ఎక్కువ కాలం నిలవలేదు; అదే సంవత్సరం డిసెంబరులో ప్రభుత్వం ఒక జీవో ద్వారా కట్టిన నాటి నుంచి పదేళ్ల వరకు కొత్త భవనాలను, నెలకు 1,000 రూపాయలు దాటిన కిరాయిలను తప్పించింది. 2005లో చట్టాన్నే సవరించి కొత్త భవనాల మినహాయింపును పదిహేనేళ్లకు, కార్పొరేషన్ పరిధిలో కిరాయి హద్దును 3,500 రూపాయలకు మార్చారు. అమీర్‌పేటలో ఇప్పుడు ఒక పడకకే అంతకంటే ఎక్కువ తీసుకుంటున్న పరిస్థితిలో, ఒక భవనం మొత్తానికి ఇచ్చే కిరాయి ఆ హద్దు లోపల ఉండడం ఊహకందని సంగతి. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా ఇదే చట్టం పేరు మార్చుకొని కొనసాగింది.

కిరాయి చట్టం ఇలా నడుస్తుండగా, తనఖా చట్టం తన దారిన తాను నడిచింది. తనఖా అంటే అప్పుకు హామీగా స్థిరాస్తిలో ఒక హక్కును అప్పిచ్చినవారికి బదలాయించడం. పాత తెలుగు దస్తావేజుల్లో కనిపించే భోగబంధకంలో అప్పిచ్చినవాడే ఇంటిని స్వాధీనం చేసుకొని వడ్డీకి బదులు దాని ఫలసాయం అనుభవించేవాడు గనుక, ఆ ఇంట్లో కిరాయికి ఎవరుండాలన్నది కూడా అతని నిర్ణయమే. నేటి బ్యాంకులు ఎంచుకున్నది వేరే రకం. నోటిఫై చేసిన పట్టణాల్లో ఆస్తి దస్తావేజులను అప్పిచ్చినవారి చేతికి ఇస్తేనే తనఖా ఏర్పడుతుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. ఇల్లు యజమాని స్వాధీనంలోనే ఉంటుంది, దానిని అతడు కిరాయికి ఇచ్చుకుంటాడు, గేటు దగ్గర టు-లెట్ బోర్డు చూసి వచ్చినవాడికి లోపలి సంగతి తెలియదు. దస్తావేజులను అలా అప్పగించినట్లు రాసుకున్న పత్రం రిజిస్టర్ కాకపోతే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో కూడా జాడ కనిపించదు. తనఖాలను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ, సెర్సాయ్, 2011లో పని ప్రారంభించాకనే బయటివారు వెతికి చూసుకునే వీలు కలిగింది. గది కోసం వచ్చిన విద్యార్థి అక్కడ వెతుకుతాడని ఎవరూ ఆశించరు.

తనఖాలో ఉన్న ఇంటిని యజమాని కిరాయికి ఇస్తే ఆ లీజు బ్యాంకును ఎప్పుడు కట్టిపడేస్తుందన్నదే అసలు చిక్కు. దీనికి 1929లో ఆస్తి బదిలీ చట్టంలో 65-ఏ అనే సెక్షను చేర్చారు. తనఖాకు ముందే ఉన్న లీజు సంగతి వేరు, దానికి బ్యాంకు లోబడవలసిందే. తనఖా తరువాత ఇచ్చిన లీజు మాత్రం ఈ సెక్షను పెట్టిన షరతులన్నిటిలోనూ నెగ్గాలి. లీజు ఆ ఊరి ఆచారానికి తగినట్లు ఆస్తి నిర్వహణలో మామూలుగా ఇచ్చేదిగా ఉండాలి. సహేతుకంగా రాగలిగిన అత్యధిక కిరాయి రాయాలి. ప్రీమియం పుచ్చుకోకూడదు, కిరాయి ముందుగా కట్టించుకోకూడదు. పొడిగింపు హామీ ఉండకూడదు. రాసిన తేదీ నుంచి ఆరు నెలల లోపల అమలులోకి రావాలి. భవనమైతే మూడేళ్లు మించకూడదు. పైగా తనఖా ఒప్పందంలో దీనికి విరుద్ధంగా రాసుకుంటే ఈ అధికారం కూడా ఉండదు. బ్యాంకులు తమ అనుమతి లేకుండా లీజుకివ్వరాదని రాయించుకోవడం పరిపాటి. యజమాని భవనాన్ని ముందే కారుచౌకగా ఎవరికో రాసిచ్చి, ఆ సొమ్మంతా జేబులో వేసుకొని, ఖాళీ గోడలను బ్యాంకుకు వదిలేయకుండా ఉండేందుకే ఈ షరతులు పుట్టాయి. ఆ భయం న్యాయమైనదే. కాని హైదరాబాదు కిరాయి ఆచారానికి ప్రాణం అడ్వాన్సు. ఆ అడ్వాన్సు తిరిగి ఇచ్చే డిపాజిట్టా, ముందుగా కట్టిన కిరాయా అన్నది యజమాని, కిరాయిదారుల మధ్య ఎన్నడూ తేల్చుకోని విషయం. బ్యాంకు వచ్చిన రోజున మాత్రం అదే మొదటి ప్రశ్న అవుతుంది.

1990ల చివర 'వై2కే' సమస్య పేరుతో అమెరికాలో ప్రోగ్రామర్లకు గిరాకీ పెరగడం, 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడం అమీర్‌పేట రూపాన్ని మార్చివేశాయి. మైత్రివనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల్లో శిక్షణ కేంద్రాల బోర్డులు ఒకదానిపై ఒకటి ఎక్కాయి. వాటి వెనుక గల్లీల్లో, ఎస్.ఆర్. నగర్, బల్కంపేట వైపు, కుటుంబాలు ఉన్న రెండు మూడంతస్తుల ఇళ్లు హాస్టళ్లుగా మారాయి. పంజాగుట్టలో దీనికి మరో కారణం కూడా తోడైంది. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై తరువాత నిమ్స్‌గా ఎదిగిన వైద్య సంస్థ చుట్టూ రోజు లెక్కన, వారం లెక్కన గదులిచ్చే లాడ్జీలు వెలిశాయి. 2017 నవంబరులో మొదటి దశ మెట్రో, 2018, 2019లలో తరువాతి భాగాలు నడవడంతో అమీర్‌పేట రెండు మార్గాలు కలిసే స్టేషనై, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవారు కూడా ఇక్కడి హాస్టళ్లలోనే ఉండిపోయే వీలు కలిగింది.

ఈ హాస్టళ్ల వ్యవస్థలో చట్టపరంగా మూడు అంతస్తులు ఉన్నాయి. పైన భవన యజమాని. అతని నుంచి భవనం మొత్తాన్ని లీజుకు తీసుకొని మంచాలు, బీరువాలు, గీజర్లు, వంటసామాను పెట్టుబడిగా పెట్టే నిర్వాహకుడు. అట్టడుగున టూ షేరింగ్, త్రీ షేరింగ్ అని పడక లెక్కన డబ్బు కట్టే నివాసి. యజమానికి, నిర్వాహకుడికి మధ్య ఉన్నది లీజు. నివాసికి ఉన్నది చాలా సందర్భాల్లో లీజు కాదు, చట్టం లైసెన్సు అని పిలిచే ఒట్టి అనుమతి. ఈ రెంటి తేడాను సుప్రీంకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో వివరించింది: ఆస్తిలో హక్కును బదలాయించేది లీజు, స్వాధీనం యజమాని దగ్గరే ఉండగా వాడుకోనిచ్చేది లైసెన్సు. ముగ్గురు పడుకునే గదిలో ఒక మంచం, రిజిస్టరులో ఒక పేరు, ఆధార్ నకలు, నెల అడ్వాన్సు, ఖాళీ చేయాలంటే ముందుగా చెప్పాలన్న నియమం, అడ్వాన్సులోంచి మెయింటెనెన్స్ కటింగ్: ఇంతే ఆ ఒప్పందం. గది తాళం తన ఒక్కడి చేతిలో లేనివాడికి ప్రత్యేక స్వాధీనం ఉందని వాదించడం కష్టం. అనుమతి ఇచ్చినవాడు ఆస్తిని వేరొకరికి బదిలీ చేస్తే కొత్త యజమాని ఆ అనుమతికి కట్టుబడడన్నది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పిన సూత్రం; డబ్బు పుచ్చుకొని అనుమతిచ్చి, గడువుకు ముందే నివాసి తప్పేమీ లేకుండా వెళ్లగొడితే, అనుమతిచ్చినవాడే పరిహారం ఇవ్వాలని కూడా అదే చట్టం అంటుంది.

బ్యాంకు అప్పుల వసూలు 1993 వరకు సివిల్ కోర్టుల్లో ఏళ్లతరబడి సాగేది. ఆ సంవత్సరపు చట్టంతో అప్పుల వసూలు ట్రిబ్యునళ్లు, అంటే డీఆర్‌టీలు, వచ్చాయి. 2002లో సర్ఫేసీ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన చట్టం కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకొని అమ్ముకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చింది, 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దానిని ప్రధానంగా సమర్థించింది. దాని గడియారం ఇలా నడుస్తుంది. వాయిదా 90 రోజులు దాటి బకాయిపడితే ఖాతా నిరర్థకమవుతుంది. అప్పుడు సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో డిమాండు నోటీసు వెళుతుంది. ఆ నోటీసు అందిన తరువాత యజమాని బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా, తన వ్యాపారపు మామూలు వ్యవహారంలో తప్ప, ఆస్తిని అమ్మడానికి గానీ లీజుకివ్వడానికి గానీ వీల్లేదు. గడువు తీరితే స్వాధీనం, ఆపై సాధారణంగా 30 రోజుల నోటీసుతో వేలం. మొదటి వాయిదా తప్పిన నాటి నుంచి స్వాధీనం దాకా కనీసం ఐదు నెలలు పడుతుంది. ఐదు నెలల్లో ఒక హాస్టల్ గదిలో రెండు బ్యాచ్‌లు మారిపోతాయి. నోటీసు వెళ్లేది అప్పు తీసుకున్నవారికీ, హామీదారుకూ మాత్రమే గనుక, ఆ వ్యవధిలో గదిలో దిగిన ప్రతి నివాసీ జరుగుతున్నదేమిటో తెలియకుండానే అడ్వాన్సు కడతాడు.

నివాసికి సంగతి తెలిసేది స్వాధీన నోటీసు గేటుకు అంటించిన రోజునే. ఆ నోటీసుకు నిబంధనల్లోనే ఒక నమూనా ఉంది: అప్పు తీసుకున్నవారి పేరు, డిమాండు నోటీసు తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ బకాయి, ఆస్తి నాలుగు హద్దులు, ఈ ఆస్తితో ఎవరూ లావాదేవీలు జరపరాదన్న హెచ్చరిక. అదే పాఠాన్ని ఏడు రోజుల లోపల రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటించాలి. తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో సన్నని అక్షరాలతో పలకల్లా పేర్చి కనిపించే ఈ ప్రకటనల్లో ఇంటి నంబరు, గజాలు, తూర్పు పడమర హద్దులు ఉంటాయి. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది ఉండదు. దీనిని సింబాలిక్ పొజెషన్, అంటే కాగితం మీది స్వాధీనం అంటారు. వాస్తవంగా ఖాళీ చేయించాలంటే బ్యాంకు సెక్షన్ 14 కింద చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్‌ను గానీ జిల్లా మేజిస్ట్రేట్‌ను గానీ ఆశ్రయించాలి.

కిరాయిదారుల హక్కుల మీద సుప్రీంకోర్టు 2014, 2019 మధ్య మూడు ముఖ్యమైన తీర్పులు ఇచ్చింది. 2014 ఏప్రిల్‌లో హర్షద్ గోవర్ధన్ సోండగర్ కేసులో, తనఖాకు ముందటి లీజునూ, 65-ఏకు లోబడిన లీజునూ సెక్షన్ 14తో తుడిచిపెట్టలేరని చెప్పింది. 2016 జనవరిలో విశాల్ కల్సారియా కేసులో, కిరాయి నియంత్రణ చట్టం కాపాడే కిరాయిదారుపై సర్ఫేసీ పైచేయి సాధించలేదని చెప్పింది. ఈ రెండో తీర్పు ముంబయి కిరాయిదారులకు కొండంత అండ అయితే, 3,500 రూపాయల హద్దు ఉన్న హైదరాబాదులో దాని నీడ కింద నిలబడగలిగినవారు బహుకొద్దిమంది. అదే ఏడాది పార్లమెంటు సర్ఫేసీని సవరించి, కిరాయిదారు డీఆర్‌టీకి వెళ్లే దారి తెరుస్తూనే, లీజు గడువు తీరిందా, 65-ఏకు విరుద్ధమా, తనఖా షరతులకు విరుద్ధమా, డిమాండు నోటీసు తరువాత పుట్టిందా అన్న నాలుగు జల్లెళ్లు పెట్టింది. 2019 సెప్టెంబరులో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో, జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ధర్మాసనం, రిజిస్టర్ కాని పత్రాన్నో, నోటిమాటనో పట్టుకొని ఏడాదికి మించిన కిరాయి హక్కును అడగలేరని తేల్చింది.

ఈ తీర్పులను అమీర్‌పేట నిర్వాహకుడి లీజుకు అన్వయించి చూస్తే చిక్కు బయటపడుతుంది. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుంది, కాని రక్షణ ఆ నెలలతోనే ముగుస్తుంది. పెట్టుబడి తిరిగి రావాలని ఐదేళ్లకో, అంతకు మించో పొడిగింపు హామీతో రిజిస్టర్ చేయించుకుంటే, అది తనఖా తరువాతి లీజైన పక్షంలో 65-ఏలోని మూడేళ్ల హద్దును, పొడిగింపు నిషేధాన్ని ఒకేసారి ఉల్లంఘిస్తుంది. బ్యాంకు ముందస్తు అంగీకారం లేనిచోట నెగ్గగలిగేది ఏడాది దాటి మూడేళ్ల లోపు ఉన్న, రిజిస్టరైన, ముందస్తు కిరాయి లేని లీజు ఒక్కటే. అదీ తనఖా ఒప్పందం నిషేధించకుండా ఉంటేనే. అటువంటి లీజు మీద నాలుగంతస్తులకు మంచాలు, మోటార్లు, వంటగది అమర్చే వ్యాపారి అరుదు. నిర్వాహకుడి హక్కు కూలితే అతని అనుమతి మీద ఆధారపడ్డ నివాసి స్థానం ప్రత్యేకంగా కూల్చవలసిన పని లేకుండానే కూలుతుంది.

వేలంతో సంబంధం లేకపోయినా, ఈ అనుమతి ఎంత బలహీనమైనదో 2020 మార్చి 25న, ఉగాది నాడు, నగరమంతా చూసింది. కరోనా లాక్‌డౌన్‌లో హాస్టళ్లు నడపలేమని నిర్వాహకులు ఖాళీ చేయమనడంతో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట ప్రాంతాల నివాసులు ఊళ్లకు వెళ్లే అనుమతి పత్రాల కోసం పోలీస్ స్టేషన్ల ముందు గుమిగూడారు. పత్రాలతో బయలుదేరినవారు ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర చిక్కుకున్నారు. హాస్టళ్లు మూయించరాదని ప్రభుత్వం ఆదేశించవలసి వచ్చింది. రెండు రోజులకు, మార్చి 27న, రిజర్వు బ్యాంకు రుణ వాయిదాలపై మూడు నెలల మారటోరియం ప్రకటించింది, తరువాత దానిని ఆగస్టు 31 దాకా పొడిగించింది. భవన యజమానికి బ్యాంకు నుంచి దొరికిన ఆ ఆరు నెలల ఊరటలో పడక కిరాయిదారుకు వాటా ఉండాలని ఏ నిబంధనా చెప్పలేదు.

ఇదే చిక్కు ఇతర దేశాల్లో వేరుగా పరిష్కారమైంది. గృహరుణాల సంక్షోభంలో అమెరికా 2009లో చేసిన చట్టం, జప్తు అయిన ఇంట్లోని నిజాయితీగల కిరాయిదారుకు కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలంది. 2014 చివర గడువు తీరిన ఆ చట్టాన్ని 2018లో శాశ్వతం చేశారు. ఇంగ్లండు 2010లో, బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చిన కిరాయిలో ఉన్నవారికి కూడా రెండు నెలల దాకా వాయిదా ఇచ్చే అధికారం కోర్టులకు కల్పించింది. లీజు చెల్లుతుందా లేదా అన్న వాదనను పక్కన పెట్టి, సామాను సర్దుకొని మరో చోటు వెతుక్కునే వ్యవధిని మాత్రం ఖాయం చేయడం ఈ రెండు చట్టాల పద్ధతి. సర్ఫేసీలో అటువంటి వ్యవధి లేదు. విచిత్రమేమిటంటే, తాత్కాలిక నివాసిని భారత చట్టం గుర్తించిన చోటు పన్నుల విషయం: 2024లో జీఎస్టీ మండలి సిఫారసు మేరకు, నెలకు 20,000 రూపాయలు మించని, కనీసం 90 రోజులు ఎడతెగక ఉండే హాస్టల్ నివాసానికి పన్ను మినహాయించారు.

స్వాధీనం వల్ల నష్టపోయిన నివాసికి మిగిలేది నిర్వాహకుడి మీద డబ్బు దావా. అది వినియోగదారుల కమిషన్ ముందు వేసుకోవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ ఫీజు కూడా లేదు. కాని పోయిన అడ్వాన్సు ఒక నెల పడక కిరాయి, ఎదురుగా ఉన్న నిర్వాహకుడు తన అడ్వాన్సు కూడా పోగొట్టుకున్నవాడు, నివాసి అప్పటికే పక్క గల్లీలో వేరే హాస్టల్లో చేరి కోర్సు కొనసాగించుకుంటున్నవాడు. అందుచేత డీఆర్‌టీ ఫైళ్లలో బ్యాంకు, యజమాని, అప్పుడప్పుడు నిర్వాహకుడు కనిపిస్తారు. ఆ భవనంలో పడుకున్న వందమంది పేర్లు హాస్టల్ రిజిస్టరులో తప్ప మరెక్కడా నమోదు కావు.